పైన పటారం, వెనక చక్రం లొటారం

ఎవరైనా "పాత బుల్లెట్ రెస్టోర్ చేయించాను, చూడండి" అంటే నేను ట్యాంకు వంక చూడ్డం మానేసి చాన్నాళ్ళయింది. నేరుగా బండి వెనక్కెళ్ళి, వంగి, ఒకటే ప్రశ్న అడుగుతాను: "వెనక చక్రం విప్పించారా?"

దానికి వచ్చే జవాబులు మూడు రకాలు. ఒకటి: "రిమ్ముకి క్రోమ్ కొట్టించాను కదా!" రెండు: "షెడ్డులో భాయ్ చూసుకున్నాడు." మూడు: ఒక చూపు. పెళ్ళిలో పెళ్ళికూతురి నగలు చూడమంటే వంటింట్లో గ్యాసు బండ గురించి అడిగినవాడి వంక చూసే చూపు.

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టుకోవచ్చు. వెనక చక్రం విప్పకుండా, బ్రేకు తెరవకుండా, డ్రమ్ము కొలవకుండా చేసిన పనిని రెస్టొరేషన్ అనకూడదు. అది మేకప్. మేకప్ తప్పని నేననడం లేదు. కానీ మేకప్ వేసిన బండి మీద భార్యని వెనక కూర్చోబెట్టుకుని ఔటర్ రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో డెబ్భై మీద పోవడం తప్పు. ఆ మేకప్ కోసం షెడ్డులో పదిహేనేళ్ళ కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి దుమ్ము ఊదించడం ఇంకా పెద్ద తప్పు. ఈ రెండో సంగతికి చివర్లో వస్తాను. ఎవరూ మాట్లాడనిది అదే.

అసలు 'రెస్టోర్' అన్న మాట మన వృత్తిలో రోజూ వాడేదే కదా. బ్యాకప్ ఫైలు డిస్కు మీద ఉన్నంత మాత్రాన రెస్టోర్ అయినట్టేనా? కాదు. దాన్ని ఇంకో సర్వరు మీద ఎక్కించి, డేటాబేసు లేపి, నాలుగు క్వెరీలు కొట్టి చూస్తేనే అయినట్టు. ఆ పని చెయ్యకుండా "బ్యాకప్ ఉంది సార్" అన్న అడ్మిన్‌ని మనం ఏమంటామో ఇక్కడ రాయలేను. అదే మనం శనివారం షెడ్డుకెళ్ళి, మెరిసే ట్యాంకు చూసి, "సూపర్ భాయ్" అని డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఒక్క టెస్ట్ కేసు ఉండదు. ఆగుతుందో లేదో చూసేది మొదటిసారి ఆపాల్సి వచ్చినప్పుడే, అదీ ప్రొడక్షన్‌లో, పిలియన్‌తో సహా.

వెనక చక్రాన్నే ఎందుకు వదిలేస్తారంటారా? అది ఫొటోలో పడదు. చైను గ్రీజు, మట్టి, బ్రేకు మసి అన్నీ అక్కడే చేరతాయి. పైన మడ్‌గార్డు, ఓ పక్క చైను కవరు, ఇంకో పక్క సైలెన్సరు ఉండి దాన్ని మరుగు చేస్తాయి. ట్యాంకు మీద బంగారు గీత గీసినవాడికి "ఆహా" అంటారు గానీ, స్పోకుల బిగువు సరిచేసినవాడికి ఎవరూ అనరు. ఎవరూ "ఆహా" అనని పని మన పరిశ్రమలో మాత్రం ఎవరు చేస్తారు? అప్రైజల్‌లో కనబడని పని అన్నమాట.

ఇక ఎదురయ్యే వాదనలు ఒక్కొక్కటే చూద్దాం.

"అసలు ఆపేది ముందు బ్రేకు కదండీ!"

ఇది కాస్త చదువుకున్నవాళ్ళ వాదన. నిజమే, బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి మొగ్గుతుంది, ముందు టైరుకే ఎక్కువ పట్టు దొరుకుతుంది. ఫిజిక్సుతో నాకు గొడవ లేదు. కానీ ఆ ముక్క డిస్కు, ఏబీఎస్ ఉన్న ఇవాళ్టి బండి గురించి విని, డ్రమ్ము బ్రేకుల పాత బండికి అంటగడితే ఎలా? ఇక్కడ ముందుది కూడా డ్రమ్మే, అదీ అంతంత మాత్రమే. పైగా వెనక మనిషి కూర్చుంటే వెనక చక్రం మీద బరువు పెరిగి, అక్కడి బ్రేకుకి పని కూడా పెరుగుతుంది. ఇసక, తడి, ఆవుపేడ ఉన్న మన రోడ్ల మీద ముందు బ్రేకు గట్టిగా పట్టడానికి ఎవరికైనా చెయ్యాడదు, కాలే ముందు కదులుతుంది.

ఒక లెక్క వేసి చూడండి. రెండు బ్రేకులూ బాగున్న బండి సెకనుకి సెకనుకి 5 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకోగలదు అనుకుందాం. వెనకది పనిచెయ్యక అది 4కి పడిపోయింది అనుకుందాం. 60 కిలోమీటర్ల వేగంలో మొదటి బండి బ్రేకు వేసిన దగ్గర్నుంచి సుమారు 28 మీటర్లలో ఆగుతుంది, రెండోది 35 మీటర్లలో. తేడా ఏడు మీటర్లు, అంటే రెండు ఆటోలు ఒకదాని వెనక ఒకటి పట్టేంత చోటు. "ఏడు మీటర్లేగా" అంటారా? మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట రెండో బండి ఇంకా 27 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ఆ చోట ఒక చిన్నపిల్ల నిలబడి ఉందనుకుని లెక్క మళ్ళీ ఒకసారి చూసుకోండి.

"బానే పట్టుకుంటోందిగా!"

ఇది మెకానిక్కుల వాదన. "సార్, పట్టుకుంటా ఉంటే ఎందుకు సార్ ఇప్పడం?" అని నాతో వాదించినవాళ్ళు ఉన్నారు. షెడ్డు ముందు ఇరవై వేగంలో ఒకసారి తొక్కి చూపిస్తారు, చక్రం కీచుమంటుంది, అయిపోయింది. ఇరవైలో ఏ బ్రేకైనా పట్టుకుంటుంది. బండీ ఇద్దరు మనుషులూ కలిపి సుమారు 300 కిలోలు అనుకుంటే, 60 వేగంలో బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 42 కిలోజౌళ్ళు. 80లో అది 74. వేగం మూడో వంతు పెరిగితే భారం ముప్పాతిక పైన పెరిగింది. అదంతా వేడిగా మారి ఎక్కడికి పోవాలి? రెండు డ్రమ్ముల ఇనుములోకి, ఆ షూల మీది లైనింగులోకి. డ్రమ్ము అండాకారంలో అరిగిపోయి, లైనింగు మధ్యలో రెండు వేళ్ళ మేర మాత్రమే తగులుతూ ఉంటే, ఆ వేడంతా ఆ రెండు వేళ్ళ మేరే మొయ్యాలి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మూడో మలుపు దగ్గర తెలుస్తుంది "బానే పట్టుకోవడం" అంటే ఏమిటో.

"ఆదివారం పొద్దున టిఫిన్‌కి తప్ప తియ్యనండీ!"

ఆదివారం రోడ్డు మీద లారీలు ఉండవా? పైగా వారమంతా మీరు నడిపేది ఇంకో బండి. పాత పోత ఇనుము ఇంజను బుల్లెట్‌కి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందకి. వారమంతా కుడికాలితో బ్రేకు తొక్కే అలవాటు ఉన్నవాడు ఆదివారం కంగారులో కుడికాలు కిందకి తొక్కితే ఏమవుతుంది? బ్రేకు పడదు, పై గేరు పడుతుంది! ఆపాల్సిన చోట ఇంజను కూడా వదిలేస్తుంది. అరసెకను తర్వాత ఎడమకాలు గుర్తొచ్చి తొక్కినప్పుడు, కనీసం ఆ బ్రేకైనా మొదటి తొక్కుకే పట్టాలా వద్దా? అరుదుగా తీసే బండికి బ్రేకు ఇంకా బాగుండాలి గానీ తక్కువైనా పర్లేదు అనడం ఏం తర్కం?

"ఒరిజినాలిటీ పోతుంది!"

ఇది శుద్ధ సాంప్రదాయవాదుల వాదన. వీళ్ళంటే నాకు గౌరవమే. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కి నియమాలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్నవే వింటేజ్. (1998 మోడల్‌ని పట్టుకుని 'వింటేజ్' అనేవాళ్ళు ఇక్కడ కాస్త దగ్గండి.) రూపం కాపాడాలి, నిజమే. కానీ రూపం అంటే కంటికి కనపడేది. డ్రమ్ము లోపల లైనింగు ఏ పదార్థంతో చేశారో ఏ ఎగ్జిబిషన్ జడ్జీకీ కనపడదు. "అప్పటి ప్యాకెట్, సీలు కూడా తియ్యలేదు" అని పాత స్టాకు బ్రేకు షూలు వెతికి మరీ బిగించేవాళ్ళున్నారు. నలభై ఏళ్ళు అటక మీద పడున్న లైనింగుకి జిగురు పట్టు ఎంత మిగిలి ఉంటుందో ఆలోచించరు. అందులో ఏముందో అసలే ఆలోచించరు. దాని సంగతి కింద చెబుతాను.

"అయితే డిస్కు పెట్టించేస్తే పోలా?"

ఇది మనలాంటి వాళ్ళ వాదన. కోడ్ అర్థం కాకపోతే పారేసి మళ్ళీ రాద్దాం అనే బాపతు. డిస్కు పట్టుకునే క్యాలిపర్ తన బలాన్నంతా ఒక బ్రాకెట్ ద్వారా ఫ్రేముకి అప్పజెబుతుంది. ఆ ఫ్రేములో ఆ చోటు ఆ బలానికి తయారు చెయ్యలేదు. వెల్డింగు షాపులో ఒక ముక్క అతికించి "గట్టిగా ఉంది సార్" అంటే సరిపోదు. డ్రమ్ము బ్రేకు చెడ్డదేం కాదు. మనం చూసే డ్రమ్ము బ్రేకుల్లో చాలావాటికి తిన్నగా పని చేసే అవకాశమే ఇవ్వలేదు, అంతే.

మరి తిన్నగా చెయ్యడం అంటే ఏమిటి? కాస్త వివరంగానే చెబుతాను. షెడ్డులో మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇందులోనే ఉన్నాయి.

ముందు చక్రం. ఇరుసు లాగి, చక్రం కిందకి దించి, టైరు, ట్యూబు, రిమ్ము టేపు తియ్యాలి. టేపు కింద చూడండి. పైన అద్దంలా మెరిసే రిమ్ము లోపల తుప్పు పొరలు పొరలుగా లేస్తూ ఉండొచ్చు. దాని మీదే బయట క్రోమ్ కొట్టించి ఉంటారు! స్పోకు నిపుల్ కూర్చునే రంధ్రాల చుట్టూ పగుళ్ళుంటే ఆ రిమ్ము పనికిరాదు, మాట్లాడకుండా మార్చెయ్యండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: 2314 అంటే 2014లో 23వ వారం. "గీతలు బాగానే ఉన్నాయి సార్" అనే టైరుకి పదేళ్ళు దాటితే గీతలున్నా రబ్బరు రాయైపోతుంది. రాయి రోడ్డుని పట్టుకోదు.

తర్వాత స్పోకులు. ముప్ఫై ఆరో నలభయ్యో తీగలు, అవి మోసేది ఇద్దరు మనుషుల్ని. చక్రం అల్లడం పెద్ద విద్య. ఒక స్పోకు బిగిస్తే దాని ఎదురుగా ఉన్నది మారుతుంది, పక్కది మారుతుంది. పక్కకి ఊగకూడదు, పైకీ కిందకీ ఎగరకూడదు, రిమ్ము హబ్బుకి ఎంత పక్కగా ఉండాలో అంతే ఉండాలి. అందుకే విప్పకముందే ఆ కొలత రాసి పెట్టుకోవాలి. బెండు తీసే ముసలాయన స్పోకుల మీద పుల్లతో కొడుతూ చెవి పెట్టి వింటుంటే నవ్వకండి. వదులు స్పోకు మొద్దుగా మోగుతుంది, బిగువుది ఖంగుమంటుంది. ఆయన చేస్తున్నది టెస్టింగే. 19 అంగుళాల చక్రం 60 వేగంలో సెకనుకి ఎనిమిది సార్లు తిరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల బెండు ఉంటే సెకనుకి ఎనిమిది సార్లు బండిని పక్కకి లాగుతుంది. బిగించాక నిపుల్ దాటి లోపలికి పొడుచుకొచ్చిన స్పోకు కొసలు అరగదీయాలి. అది మర్చిపోతే ఎప్పుడో ఒకప్పుడు ట్యూబు చిల్లు పడుతుంది. ట్యూబు టైరులో గాలి మెల్లగా పోదు, ఒక్కసారే పోతుంది. వెనక చక్రంలో పోతే బండి తోక ఆడించిన పాములా అవుతుంది.

ఇహ డ్రమ్ము. ఇక్కడ బండి బండికీ తేడా ఉంది, అది తెలియని షెడ్డుకి బండి ఇవ్వకండి. జావా, యెజ్డీల్లో డ్రమ్ము స్పోకులు బిగించే హబ్బులోనే ఉంటుంది. స్పోకులు బిగించినప్పుడు అవి హబ్బుని లాగి ఆ గుండ్రాన్ని కొంచెం మార్చేస్తాయి. అందుకని చక్రం అల్లడం పూర్తయ్యాకే, చక్రమంతా లేతు మీద ఎక్కించి డ్రమ్ము చెక్కించాలి. ముందు చెక్కించి తర్వాత అల్లితే డబ్బు దండగ. పాత బుల్లెట్‌లో అలా కాదు. వెనక డ్రమ్మూ, చైను పళ్ళచక్రమూ ఒకటే పోత. అది హబ్బుకి విడిగా, మధ్యలో కుదుపు తట్టుకునే రబ్బర్లతో కూర్చుంటుంది. అందువల్ల పళ్ళు అరిగితే డ్రమ్ము కూడా మార్చాలి. ఖర్చని చెప్పి పళ్ళు కొక్కేల్లా అరిగినా అలాగే నడిపిస్తారు. ఎలాగూ మార్చాల్సినదే కదా అని బజార్లో దొరికిన చవక డ్రమ్ము తెచ్చి నేరుగా బిగిస్తారు. కొత్తదంతా గుండ్రంగా ఉంటుందని ఎవరు చెప్పారు? కొత్తదైనా లేతు మీద తిప్పి చూడాల్సిందే. ఆ రబ్బర్లు కూడా అప్పుడే మార్చాలి. అవి గట్టిపడితే గేరు వేసిన ప్రతిసారీ చైను మీద సుత్తి దెబ్బే.

చెక్కించేకొద్దీ డ్రమ్ము లోపలి కొలత పెరుగుతుంది, గోడ పలచనవుతుంది. ఎంత దాకా చెక్కొచ్చో తెలిసిన లేతు మేస్త్రీ కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల ఇలాంటి పనికి లేతులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళ దగ్గరికి వెళ్ళమంటే "అంత దూరమా" అంటారు. ట్యాంకు మీద స్టిక్కరు కోసం మాత్రం ఢిల్లీ కరోల్ బాగ్ నుంచి కొరియర్ తెప్పిస్తారు!

తర్వాత షూలు. రెండు షూల్లో ఒకటి డ్రమ్ము తిరిగే దిశలో ఒరుసుకుంటూ తనంతట తానే ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. రెండోదాన్ని డ్రమ్ము వెనక్కి నెడుతూ ఉంటుంది. కాబట్టి మొదటిది మొత్తం పొడవునా తగిలితేనే బ్రేకు. డ్రమ్ము చెక్కించాక పెరిగిన కొలతకి తగ్గ మందంలో లైనింగు వేయించి, ఆ డ్రమ్ముకి సరిపోయే వంపు వచ్చేలా దాన్ని కూడా తిప్పించాలి. సరిపోయిందో లేదో తెలుసుకోవడం చాలా తేలిక. డ్రమ్ము లోపల సుద్దముక్క రాసి, బిగించి, చేత్తో చక్రం తిప్పుతూ కొంచెం బ్రేకు నొక్కి, మళ్ళీ విప్పండి. లైనింగు మీద సుద్ద ఎక్కడ అంటిందో అక్కడే మీ బ్రేకు ఉంది. చాలా "రెస్టోర్" చేసిన బళ్ళలో అది నడుమన ఒక అంగుళం మచ్చ.

గ్రీజు పీల్చిన లైనింగుని పెట్రోలుతో కడిగి, మంటతో కాల్చి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించడం ఇంకో మహత్తరమైన సంప్రదాయం. నూనె లోపలికి ఇంకిపోయాక కాల్చినంత మాత్రాన పూర్తిగా పోదు. డ్రమ్ము వేడెక్కగానే చెమటలా పైకొస్తుంది. ముందు గ్రీజు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలి. బేరింగు సీలు పోయి ఉంటుంది. రెండూ మార్చి, కొత్త లైనింగు వెయ్యాలి.

ఆఖరున మీటలు, కడ్డీలు. పెడల్ నుంచి డ్రమ్ము దాకా ఉన్న ప్రతి పిన్నూ, బుష్షూ అరిగి ఉంటుంది. ఒక్కోదానిలో కాస్త కాస్త ఆట. అన్నీ కలిపితే పెడల్ సగం దూరం వృథాగానే పోతుంది. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కడ్డీకీ, డ్రమ్ము మీది మీటకీ మధ్య కోణం తొంభై డిగ్రీలకి దగ్గరగా ఉండాలి. అది దాటితే ఎంత తొక్కినా బలం తగ్గుతూ పోతుంది. లైనింగు అరిగిపోతే ఆ మీటని విప్పి ఒక పన్ను వెనక్కి జరిపి బిగించడం అనే చిట్కా ఉంది చూశారూ, అది ఎర్రర్ మెసేజీని కామెంట్ చేసి బిల్డ్ పాసైందనడం లాంటిది. అలాగే బిగించేటప్పుడు ఇరుసు నట్టు కొంచెం వదులుగా ఉంచి, పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుని, షూలు డ్రమ్ములో నడుమకి సర్దుకున్నాక నట్టు బిగించాలి. పైసా ఖర్చు లేదు, పది సెకన్ల పని. చేసేవాళ్ళెంతమంది? చైను బిగించిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరుగుతుంది గనక బ్రేకు కడ్డీ కూడా మళ్ళీ సరిచెయ్యాలి. బ్రేకు ప్లేటుని తిరక్కుండా పట్టుకునే బోల్టుకి నట్టూ, దానికి తాళంగా స్ప్లిట్ పిన్నూ ఉన్నాయో లేదో కళ్ళతో చూడాలి. అది ఊడితే ప్లేటు చక్రంతో పాటు తిరగబోతుంది, కడ్డీని మెలిపెడుతుంది, చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది.

ఇంతా చేశాక ఖాళీ రోడ్డు మీద ముప్ఫై వేగంలో పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ, ఆపి చూడాలి. తర్వాతే యాభై, తర్వాతే మనిషిని ఎక్కించుకోవడం. ఇదీ రెస్టోర్ చేయడమంటే.

ఇప్పుడు నేను మొదట్లో వాయిదా వేసిన సంగతి.

ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. మన ఇళ్ళ మీద సిమెంటు రేకుల్లో ఉండేదే. లైనింగు అరిగి రాలిన పొడి ఎక్కడికీ పోదు, డ్రమ్ము లోపలే పేరుకుంటుంది. నలభై ఏళ్ళ బండి వెనక డ్రమ్ము తెరవడమంటే నలభై ఏళ్ళ పొడి మూట విప్పడం. తెరిచాక షెడ్డులో మొదట చేసే పనేంటో మీరెప్పుడైనా గమనించారా? గాలి గొట్టం పెట్టి 'స్స్స్' మని కొడతారు. మసి మేఘం లేస్తుంది. కొట్టేది మేస్త్రీ కాదు, పక్కనుండే కుర్రాడు. ఆ మేఘం మధ్యలో ఉండేది వాడి మొహమే. మనం పదడుగుల దూరంలో టీ తాగుతూ ఫోన్ చూసుకుంటూ ఉంటాం.

అన్ని రకాల ఆస్బెస్టాసూ మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది. జబ్బు ఇవాళ రాదు. ఇరవై ముప్ఫై ఏళ్ళకి వస్తుంది, నలభైకి కూడా వస్తుంది. 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో మన సుప్రీంకోర్టు, ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునీ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి కనీసం 40 ఏళ్ళు, లేదా రిటైరయ్యాక 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రంగా ఉంచమంది. ఎందుకంత కాలం? జబ్బుకి అంత ఓపిక ఉంది గనక. ఆ ఆదేశం ఫ్యాక్టరీలకి. షెడ్డులో కుర్రాడి రికార్డు ఎవరు ఉంచుతారు? వాడికి జీతం చీటీయే ఉండదు. వాడికి నలభై అయిదో ఏట దగ్గు మొదలైతే, అది ఫలానా సంవత్సరం ఫలానా సారు ముచ్చటపడి చేయించుకున్న బుల్లెట్ వల్ల అని ఎవడు రాస్తాడు? మన అభిరుచికి వాడి ఊపిరితిత్తులు సబ్సిడీ ఇస్తున్నాయి. నేను ఇంతకన్నా మర్యాదగా చెప్పలేను.

"అయితే వెనక డ్రమ్ము తెరవకుండా ఉండడమే మేలు కదా, మీరేగా తెరవమంటున్నారు" అని తెలివిగా అడగబోతున్నవారికి: తెరవడం ప్రమాదం కాదు, ఎండుపొడిని గాల్లోకి లేపడం ప్రమాదం. గాలి గొట్టం వద్దు. ఎండుగా గరుకు కాగితం వద్దు. సబ్బు నీళ్ళు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారెయ్యాలి. సన్నటి పొడిని ఆపగల మాస్కు పెట్టుకోవాలి, మొహానికి కట్టుకున్న కర్చీఫు కాదు. నీళ్ళ సీసా, గుడ్డలు, ఒక మంచి మాస్కు: వీటన్నిటికీ అయ్యేది మనం ఒక్క పూట బఫెకి పెట్టే డబ్బు. కొత్తగా వేయించే లైనింగు ఆస్బెస్టాస్ లేనిదని ప్యాకెట్ మీద రాసి ఉంటేనే తీసుకోండి. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. మీ 'సీలు తియ్యని పాత స్టాకు' ముచ్చట ఇక్కడితో ఆపండి.

డబ్బు మాట ఎలాగూ వచ్చింది కాబట్టి అదీ అనేస్తాను. పెయింటువాడు అడిగినంత ఇస్తాం. క్రోమ్‌కి "ఎంతైనా పర్లేదు, అద్దంలా ఉండాలి" అంటాం. చక్రం అల్లే ముసలాయన కూలి చెప్పగానే "తీగలు బిగించడానికి అంతా?" అని బేరం మొదలు. ఆయన రెండు పూటల పని, యాభై ఏళ్ళ చెవి. మనం క్లయింటు దగ్గర గంటల లెక్కన బిల్లు వేసే జాతి, ఆయన గంటలకి మాత్రం విలువ లేదు. ఆయన కొడుకు ఈ పని నేర్చుకోలేదు, సహజంగానే. ఇంకో పదేళ్ళకి చక్రం బెండు తీసేవాడు దొరక్క అల్లాయ్ వీల్ వేయించి, "ఈ రోజుల్లో పనివాళ్ళు ఎక్కడండీ" అని నిట్టూర్చేది కూడా మనమే.

మన టేబుళ్ళ మీద 1974లో వచ్చిన పర్సిగ్ గారి జెన్, మోటార్ సైకిల్ పుస్తకం ఉంటుంది. దాని మీద దుమ్ము కూడా ఉంటుంది. బండిని పట్టించుకోవడమే ధ్యానం అని మీటింగుల్లో చెప్పేవాళ్ళు తమ బండి చైను ఎంత వదులుగా ఉందో వంగి చూసి ఎన్నాళ్ళైంది?

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఈసారి షెడ్డుకి వెళ్ళినప్పుడు వరస మార్చండి. ముందు చక్రాలు, బ్రేకులు. తర్వాత ఇంజను. డబ్బు మిగిలితే రంగు. విప్పినప్పుడు దగ్గరుండండి. డ్రమ్ము కొలత కాయితం మీద రాయించుకోండి. సుద్దముక్క పరీక్ష మీ కళ్ళ ముందు చేయించండి. గాలి గొట్టం ఎత్తిన చేతిని ఆపండి. "తడిగుడ్డతో తుడువు నాన్నా, తొందరేం లేదు" అనండి. ఈ ఒక్క మాట అనడానికి వింటేజ్ బండి గురించి ఏమీ తెలియక్కర్లేదు.

రంగు వెలిసినా బండి బండే. ఆగనిది మాత్రం బండి కాదు.

తా.క.: "మరి ముందు బ్రేకు సంగతేంటి?" అని అడిగేవారికి: పైన రాసినదాంట్లో దాదాపు అంతా దానికీ వర్తిస్తుంది. కాకపోతే ముందు చక్రం ఫొటోలో పడుతుంది కాబట్టి దాన్ని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు. నా దిగులంతా ఫొటోలో పడనిదాని గురించే.